ఆరు చుక్కల లిపి – ఆంధ్రేతర ప్రాంతములలోని తెలుగు కుటుంబములు

ఇంద్రియములన్నింటిలోను కన్ను ప్రధానమని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట సత్యమే. కాని దీని నాధారముగా గొని, కన్నులేనివాడు చదువునకు పనికిరాడని లోకము తీర్మానించుట మాత్రము న్యాయము కాదు. అనేక శతాబ్దములపాటు జరిగినదదియే. భారతకథలో ధృతరాష్ట్రుడు జ్యేష్ఠుడయ్యును పుట్టుగ్రుడ్డి యగుటచేత రాజ్యము తమ్మునికి పోయెను. రాజకుమారుని గతియే యట్లున్నప్పుడు సామాన్య గృహస్థుని బిడ్డ మాట చెప్పనేల? గొంతు బాగున్నచో పాట, వ్రేళ్ళు వాటమైనచో వాద్యము, రెండును లేనిచో అరుగుమీద ఒక మూల. ఇంతకు మించిన దారి చూపినవారు అరుదు. పుస్తకము మాత్రము కన్నున్నవారి సొత్తుగా నుండిపోయెను.

ఆ కట్టుబాటును తెంచినవి కాగితముమీద ఉబికిన ఆరు చుక్కలు. ఆ చుక్కల చరిత్రమును, అవి మన దేశమునకు వచ్చిన విధమును, ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మనవంటి కుటుంబములకు వానితోగల ప్రత్యేక సంబంధమును ఈ వ్యాసమున యథాశక్తి మనవి చేయుచున్నాను.

ఈ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4వ తేదీన, ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు సమీపముననున్న కూవ్రే గ్రామమున జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టు పనివాడు. మూడేండ్ల ప్రాయమున బాలుడు తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా, తోలునకు తూట్లు పొడుచు ఆరె కంటికి గ్రుచ్చుకొనెను. ఆ గాయము విషమించి రెండవ కంటికిని ప్రాకగా, ఐదేండ్లనాటికి అతడు పూర్తిగా అంధుడయ్యెను. 1819లో పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను. అప్పటికి ముప్పదియేండ్లకు పైబడి నడచుచుండిన ఆ పాఠశాలలో, మామూలు అక్షరములనే కాగితముమీద ఉబ్బెత్తుగా అచ్చొత్తి, వ్రేళ్ళతో తడవి చదివించుచుండిరి. ఆ పుస్తకములు మిక్కిలి బరువు. చదువుట మిక్కిలి ఆలస్యము. అన్నింటికంటె పెద్దలోపమేమన, ఆ అక్షరములను అంధుడు తనచేతితో వ్రాసికొను ఉపాయము లేదు.

చార్లెస్ బార్బియే అను సైనికోద్యోగి చీకటిలో చదువుకొనుటకు పండ్రెండు చుక్కలతో ఒక సంకేత పద్ధతిని కల్పించి ఆ పాఠశాలకు తెచ్చెను. అది బ్రెయిలీకి దారి చూపినది. పండ్రెండు చుక్కలు వ్రేలికొనకు ఒక్కమాఱుగా అందవని గ్రహించి, అతడు వానిని ఆరింటికి కుదించెను. 1824 నాటికి, అనగా పదునైదేండ్ల వయస్సున, అతని లిపి ఒక రూపునకు వచ్చెను. 1829లో పుస్తకముగా వెలువడెను. 1852 జనవరి 6వ తేదీన ఆయన క్షయవ్యాధితో మరణించునాటికి ప్రభుత్వము దానిని గుర్తింపలేదు. ఫ్రాన్సు దేశము దానిని అధికారముగా అంగీకరించినది 1854లో.

పద్ధతి మిక్కిలి సులభము. నిలువుగా మూడేసి చుక్కలతో రెండు వరుసలు. ఎడమ వరుసలో పైనుండి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. ఈ ఆరింటిలో కొన్నింటిని పొడిచి కొన్నింటిని విడిచినచో 63 రూపము లేర్పడును. వ్రాయుటకు గళ్ళుగల ఒక చట్రమును, మొనగల ఒక ములుకును చాలును. దళసరి కాగితమును చట్రమున బిగించి, కుడినుండి ఎడమకు పొడుచుకొనుచు పోవలెను. కాగితమును త్రిప్పినంతనే చుక్కలు ఎడమనుండి కుడికి చదువుటకు ఉబికి నిలుచును. ఏ పనిముట్టు బాలుని కన్ను పోగొట్టెనో అటువంటి పనిముట్టుతోనే లక్షలాది అంధులు నేడు అక్షరము వ్రాయుచున్నారు.

ఇక మన దేశమునకు వత్తము. 1887లో అమృతసరమున కుమారి యానీ షార్ప్ అంధులకు పాఠశాల నెలకొల్పెను. 1890లో తిరునల్వేలి ప్రక్కనున్న పాళయంకోటలో కుమారి ఆస్క్విత్ మఱియొకటి ప్రారంభించెను. 1897లో కలకత్తాలో లాల్ బిహారీ షా, 1901లో మైసూరు సంస్థానమున బధిరాంధుల పాఠశాల, 1902లో బొంబాయిలో విక్టోరియా స్మారక పాఠశాల – ఇట్లు ఒకదాని వెనుక నొకటి వెలసెను. వీనిలో పాళయంకోట, మైసూరు, బొంబాయి మూడును మనవారు నివసించు సీమలలోనివే యని పాఠకులు గమనింతురుగాక.

అయితే ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడెను. భారతీయ భాషల అక్షరములు రోమను అక్షరములకంటె ఎక్కువ. అందుచే ఒక్కొక్క పాఠశాలవారు తమ భాషకు తోచిన విధముగా చుక్కల నమర్చుకొనిరి. అమృతసరమువారి దొక పద్ధతి, తమిళమువారి దొకటి, మైసూరువారి దొకటి, కలకత్తాలో షా గారి దొకటి, బొంబాయిలో మఱియొకటి. ఒకచోట క అయిన చుక్కలు ఇంకొకచోట వేఱొక అక్షరమగుచుండెను. ఒక పాఠశాలలో శ్రమపడి తయారుచేసిన పుస్తకము మఱియొక పాఠశాల బాలుని వ్రేలికి మూగదై పోయెను. పుస్తకములు కొలదిగా నున్న దేశమున ఉన్నవియు ఒకరికొకరికి పనికిరాకపోవుట ఎంతటి నష్టమో చెప్ప నక్కఱలేదు.

దేశమంతటికిని ఒకే పద్ధతి యుండవలెనను యత్నము 1940వ దశకమున ఆరంభమయ్యెను. రెండవ ప్రపంచయుద్ధములో చూపు పోగొట్టుకొన్న భారతీయ సైనికులకై డెహ్రాడూనులో ఒక శిక్షణాలయ మేర్పడెను. మొదటి ప్రపంచయుద్ధములో, 1915లో గల్లిపోలి రంగమున తానే రెండు కన్నులును కోల్పోయిన న్యూజీలాండు దేశీయుడు సర్ క్లూథా మెకెంజీ దీనికి తోడ్పడెను. స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే కేంద్ర విద్యాశాఖలో అంధుల వ్యవహారములు చూచుటకు లాల్ అద్వానీ నియుక్తులైరి, ఆయనయు అంధులే. 1949లో భారత ప్రభుత్వము ఈ లిపి సమస్యను ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయగు యునెస్కో ముందుంచెను. 1950లో పారిసునను, 1951లో బేరూతునను పండితులు సమావేశమైరి. మన ధ్వనులకు మనమే సర్వస్వతంత్రముగా చుక్కలు కల్పించుకొనవలెనని కొందఱును, ధ్వని కలిసినచోట బ్రెయిలీ ఇచ్చిన రూపమునే నిలుపవలెనని కొందఱును వాదించిరి. రెండవ పక్షమే గెలిచెను. ఆ విధముగా 1951లో ఏర్పడినదే భారతీ బ్రెయిలీ. ఆ సంవత్సరముననే డెహ్రాడూనులో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయము పని ప్రారంభించెను.

భారతీ బ్రెయిలీకి మూలసూత్ర మొక్కటియే: ధ్వని యొకటైనచో గుర్తు నొకటియే. కంటికి తెలుగు క వేఱు, తమిళ క వేఱు, దేవనాగరి క వేఱు, ఒడియా క వేఱు. వ్రేలికి మాత్రము అవన్నియు 1, 3 చుక్కలే. మ యనునది 1, 3, 4. ల యనునది 1, 2, 3. కమల యని తెలుగులో వ్రాసినను, కన్నడములో వ్రాసినను, దేవనాగరిలో వ్రాసినను అంధుని కాగితముమీద అవే మూడు గుర్తులు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము, ఓత్వము మొదలగు ఆకృతుల బెడద లేదు. హల్లు తరువాత అచ్చు నుంచినచో చాలును. ఒత్తులకై వేఱు ఆకారములు లేవు. అమ్మ అని వ్రాయవలెనన్న, అ గుర్తు, పిమ్మట మకారమున అచ్చు లేదని తెలుపు ఒక చుక్క, రెండు మకారములు – ఇంతే.

ఇప్పుడు మన కుటుంబముల స్థితిని దీనిప్రక్కన పెట్టి చూడుడు. హోసూరు, కృష్ణగిరి, కోయంబత్తూరు, మధుర ప్రాంతములలోని మన పిల్లలు తమిళమున చదువుకొనుచున్నారు. 2006లో తమిళనాట వచ్చిన చట్టముతో తమిళ పఠనము క్రమముగా అందఱికిని విధియైనది. కోలారు, బళ్ళారి, బెంగుళూరులలో కన్నడము. బరంపురము, రాయగడలలో ఒడియా. షోలాపురము, చంద్రాపురములలో మరాఠీ. యానాము వారొక్కరికే ఇంటిభాషయు బడిభాషయు తెలుగగు భాగ్యము ఎక్కువగా నున్నది. తక్కినచోటుల ఇంట తెలుగు మాటాడు పిల్లవాడు తెలుగు చదువలేడు. తాతగారి ఉత్తరము పెట్టెలో నున్నను అది వానికి బొమ్మల వరుసయే. చదువవలెనన్న ఏబదికి పైబడిన అక్షరములను, గుణింతములను, ఒత్తులను మఱల మొదటినుండి దిద్దవలెను.

అదే ఇంటిలోని అంధబాలుని సంగతి వేఱు. మైసూరుసీమలో కన్నడ బ్రెయిలీ నేర్చిన తెలుగు బాలుడు, కొద్దిపాటి భేదములు మినహా, తెలుగు బ్రెయిలీ నేర్చినవాడే. మరాఠీ, ఒడియాలలో నేర్చినవారికిని ఎ, ఒ వంటి హ్రస్వములు మొదలగు కొన్ని కొత్త గుర్తులు తెలిసినచో చాలును. తమిళమున నేర్చినవాడు గ, డ, ద, బ వంటి సరళములను, ఖ, ఘ వంటి మహాప్రాణములను అదనముగా నేర్చుకొనవలెను. అది కొన్ని వారముల పని. ఇంటిలో విన్న భాష చెవిలో నున్నది; బడిలో నేర్చిన గుర్తులు వ్రేలికొన నున్నవి. రెండింటిని కలుపు పుస్తక మొక్కటియే కొఱత. మాతృభాషా పఠనమున కన్నున్న అన్నకంటె కన్నులేని తమ్ముడే ముందుండగల అవకాశము మన కుటుంబములలో నున్నది. ఈ సంగతి మనలో ఎందఱెఱుగుదురు?

నేను గుమాస్తాగా ఉద్యోగము చేసినంతకాలము దరఖాస్తు ఫారములు చూచుటయే నా పని. మాతృభాష యని ఒక గడి, అంగవైకల్యము కలదా యని మఱియొక గడి. మొదటి గడి నింపించుకొని భాషాల్పసంఖ్యాకుల లెక్క కట్టుదురు. రెండవ గడి నింపించుకొని వికలాంగుల లెక్క కట్టుదురు. రెండు గడులును ఒకే బిడ్డకు చెందునని, ఆ బిడ్డకు రెండు హక్కులును కలవని ఏ దస్త్రమునందును కలిపి వ్రాయగా నేను చూడలేదు. పాఠశాలవారు తమ రాష్ట్రభాషలోనే పుస్తకము లిత్తురు. వారిని తప్పుపట్టుటకు లేదు. తెలుగు సంఘములవారు తెలుగు వాచకములు పంచుదురు, అవి కన్నున్నవారికే. నడుమ ఆ బిడ్డ రెండింటికిని వెలి యగుచున్నాడు.

లెక్కకు వచ్చినచో ఇది చిన్న విషయము కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో చూపునకు సంబంధించిన లోపము గలవారు సుమారు 50 లక్షలు. 1995లో వచ్చిన చట్టము వారికి ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు వంతులు కేటాయించగా, 2016 నాటి చట్టము దానిని నాలుగు చేసి, గుర్తింపుపొందిన వైకల్యముల సంఖ్యను 7 నుండి 21కి పెంచెను. అంధులకై పుస్తకములను మార్చి అచ్చువేయుటకు గ్రంథస్వామ్యము అడ్డురాకుండ 2013లో మర్రాకేషు నగరమున అంతర్జాతీయ ఒడంబడిక కుదిరెను. 2014లో దానిని ప్రపంచమున మొట్టమొదట ధ్రువపఱచినది మన దేశమే. 2016లో ‘సుగమ్య పుస్తకాలయ’ యను పేర అంధులకై యంత్రమాధ్యమ గ్రంథాలయము వెలసెను.

నేడు చేతిలోని ఫోనే పుస్తకమును చదివి వినిపించుచుండగా చుక్కల పని యేమని కొందఱడుగుదురు. వినుట మేలే, కాని విన్నంతమాత్రమున ల ళల, న ణల, శ ష సల వ్రాత నిలువదు. చదువు అనగా అక్షరమును ముట్టి గుర్తించుట, తిరిగి తాను వ్రాయగలుగుట. కన్నున్న పిల్లలకు వినికిడితో చాలునని బడి మాన్పింపము కదా!

తగిన అవకాశము దొరికినచో ఏమగునో మనవారి చరిత్రమే చెప్పుచున్నది. వాయులీన విద్వాంసులు ద్వారము వెంకటస్వామినాయుడుగారు 1893లో జన్మించినది బెంగుళూరులోనే. చూపు మిక్కిలి మందమైనను, విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. మొన్నమొన్నటి మాటగా, మచిలీపట్టణ ప్రాంతమున పుట్టిన బొల్లా శ్రీకాంత్ అంధుడను కారణమున పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రము నిరాకరింపబడగా, న్యాయస్థానమున పోరాడి చదివి, అమెరికాలో విద్య ముగించి, హైదరాబాదులో పరిశ్రమ నెలకొల్పెను. మొదటి వారికి సంగీతమొక్కటే తెఱచిన తలుపు. రెండవ వారు మూసిన తలుపును తెఱపించుకొనిరి. మన పిల్లలకు తలుపులు ముందే తెఱచియుండవలెను.

అందుకు మన సంఘములు చేయదగిన పనులు ఖర్చుతో కూడినవి కావు. మన ఊరి తెలుగు కుటుంబములలో అంధులెందఱో ముందు తెలిసికొనవలెను. ఇంటివారు సిగ్గుపడి దాచినచో పెద్దలు వెళ్ళి నచ్చజెప్పవలెను. సంఘపు గ్రంథాలయమున ఒక చట్రము, ఒక ములుకు, దళసరి కాగితములు, తెలుగు బ్రెయిలీ అక్షరపట్టిక ఉంచవలెను. చదువుకొన్న యువకు లిద్దఱు ముగ్గురు ఆ లిపి నేర్చి, ఏడాదికి ఒక చిన్న కథలపుస్తకమైనను వ్రాసి యిచ్చినచో మేలు. తల్లిదండ్రులు గూడ నేర్వవలెను. కన్నున్నవారు దానిని కంటితోనే చదువవచ్చును, శ్రమలేదు. ఉగాది సభలో పద్యము చదువు పిల్లల వరుసలో ఆ బిడ్డకును స్థానముండవలెను. జాలిచూపి కూర్చుండబెట్టుట గాక, కాగితము చేతికిచ్చి చదివింపవలెను.

పరభాషల నడుమ తెలుగును నిలుపుకొనుటకు మన పూర్వులు పడిన పాట్లు మనము మఱచిపోలేదు. ఆ తెలుగులో మన బిడ్డలందఱికిని భాగమున్నది. చూపులేని బిడ్డకు రావలసిన భాగమును మనము చేతికందింతుముగాక యని విజ్ఞులగు పాఠకులకు విన్నవించుచు విరమించుచున్నాను.