పాతరలో దీపం

2020 మార్చిలో లాక్‌డౌన్ అనగానే మావారు చేసిన మొదటి పని చేతిసంచులు దులపడం. రెండో పని, ఆ సంచులు మోసుకుంటూ ఆయాసపడుతూ రావడం. విప్పి చూద్దును కదా, ఆరు కిలోల మైదా! మా ఇంట్లో ఏడాది పొడుగునా పావుకిలో మైదా ఖర్చయితే గొప్ప. కందిపప్పు ఏదండీ అంటే అయిపోయిందట అన్నారు. మరి ఇదెందుకూ అంటే, దొరికింది కదా అన్నారు.

మా అత్తమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూసి ఒక్కటే మాటంది.

"కరువు సామాను కరువొచ్చినంక తెస్తరా బిడ్డా? పండిన నాడే దాసుకోవాలె గని."

అత్తమ్మ పుట్టిల్లు టేకుమట్ల. ఇప్పుడది భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం. 2016కు ముందు వరంగల్లు జిల్లా చిట్యాల మండలంలో ఒక ఊరు. బయటికి కదలడానికి లేని ఆ రోజుల్లో మధ్యాహ్నాలు ఆవిడ దగ్గర కూర్చుని పాతర సంగతులు విన్నాను. ఇవాళ మనం "పాతరేశారు" అంటే పూడ్చిపెట్టారని తిట్టుగా వాడుతున్నాం గానీ, పాతర అంటే బతుకు సుమండీ.

నీరు నిలవని ఎత్తు చోటు చూసి, గట్టి మొరం నేలలో మనిషిలోతు గొయ్యి తవ్వుతారు. లోపల మంట వేసి గోడలు ఎండగడతారు. అడుగునా చుట్టూ గడ్డి పరచి, బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి మట్టితో మెత్తేస్తారు. అంతే, మందూ మాకూ లేదు. కిటుకల్లా గాలిలో ఉంది. మూతపడిన గోతిలో గింజలే ఊపిరి పీల్చి వదులుతాయి. ఉన్న మంచిగాలి కాస్తా అయిపోతుంది. ఇక పురుగు బతకదు, గింజ మాత్రం నిలుస్తుంది. ఇవాళ శాస్త్రవేత్తలు గాలి చొరని సంచులు కనిపెట్టి చెబుతున్న సూత్రం కూడా ఇదే.

కానీ ఏ గాలి పురుగుని చంపిందో అది మనిషినీ వదలదు. పాతర తెరవగానే ఆత్రంగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అందుకే మూత తీసి కొంతసేపు వదిలేసి, తాడుకు దీపం కట్టి దింపేవారట. దీపం వెలుగుతూ ఉంటే మనిషి దిగవచ్చు, ఆరిపోతే ఆగాలి. ఇంట్లో ఆకలితో పిల్లలు ఏడుస్తూంటే, గోతి ఒడ్డున నిలబడి దీపం వంక చూస్తూ ఆగడం ఎంత కష్టమో!

వడ్లకు పాతర కంటే గరిసెలూ గుమ్ములూ నయం. వెదురుతో అల్లి పేడా మట్టీ కలిపి అలికేవారు. ఆ అలుకుడు ఆడవాళ్ళ పని. పప్పులకు ఎర్రమట్టి పట్టించడం, ఆముదం రాయడం, బూడిద కలపడం, మధ్యమధ్య వేపాకు వేయడం, కూరగాయలు తరిగి వరుగులు ఎండబెట్టడం, అడవి అంచు ఊళ్ళలో ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టుకోవడం... ఇదంతా ఏ చరిత్ర పుస్తకంలోనూ రాజుల వరసన ఎక్కలేదు. అన్నట్టు మావారి మైదాకి వానాకాలం రాకుండానే పురుగు పట్టింది!

ప్రభువులకూ ఈ ఆలోచన రాకపోలేదు. కాకతీయులు రామప్ప, పాకాల చెరువులు కట్టించి నీళ్ళకే గాదెలు కట్టారు. ఇంగ్లీషు దొరలు మాత్రం 1770 నాటి బెంగాలు కరువు చూసి బెదిరి, 1786లో పాట్నాలో గోల్‌ఘర్ అని పెద్ద గాదె కట్టించారు. 145 మెట్లెక్కి పైనుంచి ధాన్యం పోయాలి. లక్షా నలభై వేల టన్నులు పడుతుందట. అది ఏనాడూ నిండలేదు. పైగా తలుపులు లోపలివైపుకి తెరుచుకునేలా పెట్టారని, నిండితే ఇక తెరవడం ఎలాగని ఇప్పటికీ నవ్వుకుంటారు. గుమ్మి అలికిన ఏ ఇల్లాలిని అడిగినా చెప్పేదిగా!

నవ్వుకోలేని సంగతులూ ఉన్నాయి. 1832-33లో నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. 1876లో మొదలైన ధాత కరువు కర్నూలు, కడప, బళ్ళారి సీమల్ని బొమికలగూడు చేసింది. అదే కాలంలో ఈ దేశం నుంచి గోధుమలు ఓడలెక్కి ఇంగ్లండుకి పోయాయి. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు మోసిన మగవాడికి ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ దొర లెక్క కట్టాడు. అంటే అరకిలో కూడా లేదు. ఆడవాళ్ళకు అంతకన్నా తక్కువ. ఆ తిండితో మనిషి నిలవడని మద్రాసులో ఆరోగ్యశాఖ పెద్ద కార్నిష్ దొర గట్టిగా వాదించాడు. దేశంలో ధాన్యం ఉందా లేదా అన్నది ఒక లెక్క, అది ఎవరి తాళంచెవి కింద ఉందన్నది ఇంకో లెక్క.

ఈ రెండో లెక్క తెలంగాణంలో 1940లలో ప్రతి గడపకూ తెలిసొచ్చింది. యుద్ధకాలంలో నిజాం ప్రభుత్వం లెవీ పెట్టింది. రైతు ఇంత ధాన్యం సర్కారు చెప్పిన ధరకి కొలవాలి. వందల ఎకరాల దొరలు తప్పించుకునేవారు, నాలుగెకరాల వాడి గుమ్మి అడుగంటేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటని దొరకు పోనివ్వక, సంఘం అండతో కోయించి ఇంటికి చేర్చుకున్నది ఆ రోజుల్లోనే. వడ్లబస్తా కోసం అంత పోరాటమా అని నా చిన్నతనంలో అనుకునేదాన్ని.

అత్తమ్మకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. ఒక ఏడు వాన మొహం చాటేసింది. గుమ్మి ఖాళీ. ఇంట్లో మిగిలింది అటక మీద బానెడు విత్తనం జొన్నలు. వాటి జోలికి పోకుండా వాళ్ళమ్మ ఇప్పపువ్వు ఉడికించింది, చింతగింజలు ఉడికించింది. చిన్న తమ్ముడికి జ్వరం తగిలి గట్క కావాలని ఏడ్చాడట. రెండు రోజులు వినలేదు. మూడోనాడు రాత్రి అందరూ పడుకున్నాక బాన దించి సోలెడు తీసింది. ఆ తర్వాత ఇంకో సోలెడు.

"మరేమైంది అత్తమ్మా?"

"ఏమైతది? తమ్ముడు బతికిండు. మూల చెలక పడావు పడ్డది."

అంతే చెప్పి వక్క నోట్లో వేసుకుంది. వాళ్ళమ్మ ఆ రోజుల్లో ఏం తిన్నదని అడిగితే, "మా అవ్వ తినంగ నేను సూడలే" అంది.

దాచుకోవడం ఒక్క ఇంటితో అయ్యే పని కాదని జహీరాబాదు పల్లెల్లో దళిత మహిళా సంఘాలవాళ్ళు 1990లలో చేసి చూపించారు. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో బీడుభూములు సాగు చేసి, పండిన జొన్నలు ఊళ్ళోనే నిలవచేసి, పనుల్లేని నెలల్లో పేదలకు తక్కువ ధరకి కొలిచారు. ఎవరు పేదవాళ్ళో ఊరంతా కూర్చుని తేల్చుకున్నారు. విత్తనాలకు వేరే బుట్టలు పెట్టుకున్నారు. గాదె తాళంచెవి ఆడవాళ్ళ చేతికొచ్చింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, పాతర ఎండకు అక్కరకొస్తుంది గానీ వరదకు రాదు. 2023 జూలైలో చిట్యాలలో ఒక్కరోజులో 616 మిల్లీమీటర్ల వాన పడింది. 27వ తేదీ తెల్లవారేసరికి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని మోరంచవాగు ముంచేసింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు ఉగ్గబట్టుకున్నారు. సైన్యం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అత్తమ్మ తమ్ముడి ఇంటికి మర్నాడు ఫోను కలిసింది. బియ్యం బస్తా అటకెక్కించారట, తడవలేదు. కట్టెలూ అగ్గిపెట్టే తడిశాయి. రెండుపూటలా అటుకులే తిన్నారట.

ఆ వారమే నేనొక రేకుడబ్బా సర్దాను. అటుకులు, పేలాలు, బెల్లం, పాలిథిన్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, టార్చి, జ్వరం మాత్రలు. గొప్పగా అత్తమ్మ ముందు పెట్టాను. ఒక్కొక్కటీ తీసి చూసి, "ఇత్తునాలేవి?" అంది.

మూడో అంతస్తు ఇంట్లో విత్తనాలెందుకత్తమ్మా అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఊరినుంచి ఎవరొస్తే వాళ్ళచేత తెప్పించి, పాత పంచె గుడ్డలో జొన్నలు ముడివేసి, వేపాకు చుట్టి డబ్బాలో అడుగున పెట్టింది. ఏటా మృగశిరకు ముందు ఆ ముడి విప్పి కొత్త గింజలు కడుతున్నాను. పాతవి పిట్టగోడ మీద పోస్తే పిచ్చుకలు తింటున్నాయి.