తెరలు వేరు, ప్రోగ్రాము ఒక్కటే

కంప్యూటరుతో సంభాషించుటకు తొలి రోజులలో విరివిగా వాడిన సాధనము టెలిటైపు. 1963లో వచ్చిన మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరముల చొప్పున కాగితముపై అచ్చొత్తెడిది. ఒకసారి అచ్చయిన పంక్తిని మరల దిద్దుటకు వీలు లేదు.

1970 దశకములో గాజుతెర గల టెర్మినళ్ళు వ్యాపించినవి. తెరపై సాధారణముగా 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు పట్టును. కర్సరును కోరిన చోటికి పంపి అచట వ్రాయవచ్చును. చిక్కు ఇచటనే కలిగినది. కర్సరును 5వ పంక్తిలో 10వ గడికి పంపుట ఎట్లు? ఏడీఎమ్-3ఏ టెర్మినలుకు ‘ఎస్కేప్’ సంకేతము, సమానపు గుర్తు, ఆపై స్థానమును తెలుపు రెండు అక్షరములు పంపవలెను. 1978 నాటి వీటీ100కు ఎస్కేప్, చదరపు బ్రాకెట్టు, 5, సెమికోలను, 10, ‘హెచ్’ అను అక్షరము పంపవలెను. ఒకదాని భాష మరియొకదానికి తెలియదు. కావున ఒక తెరకు వ్రాసిన ప్రోగ్రాము మరియొక తెరపై అక్షరములను చిందరవందర చేసెడిది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో ‘వీఐ’ అను ఎడిటరును వ్రాసిన బిల్ జాయ్ దీనికొక ఉపాయము కనుగొనెను. టెర్మినళ్ళ సంకేతములను ప్రోగ్రాములో గాక, ‘టెర్మ్‌క్యాప్’ అను విడి పట్టికలో చేర్చెను. క్రొత్త టెర్మినలు వచ్చిన, పట్టికలో ఒక పద్దు పెరుగును. ప్రోగ్రామును తాకనక్కర లేదు.

సీ భాషలో తెరను నడుపు ఆజ్ఞలు లేవు. సుమారు 1980లో కెన్ ఆర్నాల్డ్, వీఐలోని పద్ధతులను ఆధారముగా గొని, ‘కర్సెస్’ అను లైబ్రరీని ఆ భాషకు సమకూర్చెను. ఇందులో మరియొక నేర్పు కలదు. తెరపై ఇప్పుడున్న రూపము, ఉండవలసిన రూపము — రెండును జ్ఞాపకములో నుంచి, తేడా ఉన్న అక్షరములనే పంపును. దీని విలువను లెక్క కట్టి చూడుడు. తెర నిండుటకు 24 × 80 = 1920 అక్షరములు కావలెను. సెకనుకు 30 అక్షరములు మోయు టెలిఫోను తీగపై ఇందుకు 64 సెకనులు పట్టును. ఒక్క అక్షరము మారినచో కర్సెస్ పని సెకనులోపే ముగియును.

తరువాత మార్క్ హార్టన్ ‘టెర్మ్‌ఇన్ఫో’ పట్టికను రూపొందించెను. 1993లో ‘ఎన్‌కర్సెస్’ వెలువడినది. పైథాన్ భాష దానినే తన మాడ్యూలు ద్వారా వాడుకొనుచున్నది. అయితే విండోస్ పద్ధతి వేరగుటచే, విండోస్ పైథానులో ఆ మాడ్యూలు చేరలేదు. తరువాత విండోస్ 10 సైతము వీటీ100 తరహా సంకేతములను గ్రహింప నేర్చినది.

చిక్కు పూర్తిగా తీరలేదు. ‘ఒక అక్షరము, ఒక గడి’ అను లెక్క ఆంగ్లమునకు సరిపోవును. మన ‘స్త్రీ’ కంటికి ఒకే అక్షరము. యూనికోడ్‌లో ఆరు సంకేతములు. దానికి ఎన్ని గడులు కేటాయించవలెనో నేటికిని అన్ని టెర్మినళ్ళు ఒకే విధముగా లెక్కించుట లేదు. గడి తప్పిన కర్సరు తప్పుచోట నిలుచును. ఆ లెక్కను సరిచేయు పని తెలుగు విద్యార్థుల కొరకు ఎదురుచూచుచున్నది.