బడ్ కళ్ళజోడు

ధర్మరాజు వెంట కుక్క నడిచిన కథ మనమెరిగినదే. మోటారు బండిలో అమెరికాను ఈ చివరినుండి ఆ చివరికి దాటిన కుక్క కథ మరొకటున్నది.

1903లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వైద్యుడు కారులో న్యూయార్కు చేరగలనని 50 డాలర్ల పందెం కట్టాడు. సూయల్ క్రాకర్ అనే మెకానిక్కును తోడు తీసుకొని మే 23న బయలుదేరాడు. ఆ వింటన్ కారుకు పైకప్పు లేదు, ముందు అద్దమూ లేదు. పడకలు, వంటసామగ్రి, గొడ్డలి, పార, సంసారమంతా బండిమీదనే! దారిలో, ఇడాహోలో, 15 డాలర్లకు బడ్ అనే బుల్‌డాగ్‌ను కొన్నాడు.

చిక్కు అక్కడ వచ్చింది. ఆ ప్రాంతపు చౌడు ధూళికి కుక్క కళ్ళు ఎర్రబారి మండసాగాయి. మనుషులకు కళ్ళజోళ్ళున్నాయి, మూగజీవి ఏమని అడుగుతుంది? జాక్సన్ దానికీ ఒక జోడు తొడిగాడు. నేడు మోటారు ఇళ్ళలో కుక్కలతో తిరిగేవారు నీళ్ళూ నీడా చూస్తారు గాని, కిటికీలోంచి దానిని తల బయట పెట్టనిస్తారు. ధూళి నాటికీ నేటికీ ధూళియే కదా!

జూలై 26న, 63 దినాలకు, ముగ్గురూ న్యూయార్కు చేరారు. పందెం 50 డాలర్లు, ఖర్చు దాదాపు 8,000! ఆ కారూ, బడ్ కళ్ళజోడూ నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలవారి భద్రతలో ఉన్నాయి.