మూత్రాశయ పరీక్ష: నాడును నేడును



కొబ్బరికాయను గోటితో మీటి, చెవియొద్ద నాడించి, లోపలి నీరెంతయో ముదురెంతయో చెప్పుట మన కోనసీమవారికి క్రొత్త విద్య కాదు. వియన్నా నగరమున ఆవెన్‌బ్రుగ్గరను వైద్యుడు రోగి ఱొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ ధ్వనినిబట్టి వ్యాధిని గుర్తించు పద్ధతిని 1761లో గ్రంథస్థము చేసెను. అతని తండ్రి పూటకూళ్ల యిల్లు నడపినవాడు. పీపాను తట్టి ద్రవపు మట్టము తెలిసికొనుట ఆ బాలుడు చూచియుండునని చెప్పుదురు.

మూత్రాశయములోని రాయి మాత్రము తట్టినంతనే తెలియునది కాదు. సుశ్రుతుడు అశ్మరికి శస్త్రచికిత్స చెప్పెను గాని, చేయకున్న మరణము నిశ్చయము, చేసినను సంశయమే యగుటచే ప్రభువు ననుమతి వేడి మఱి చేయవలెననెను. 1879లో నీట్సే యను జర్మను వైద్యుడు దీపముగల గొట్టమును మూత్రమార్గమున చొప్పించి లోపల చూచు సాధనమును వెల్లడించెను. చూపు దొరకెను గాని బాధ తప్పలేదు.

బాధలేని మార్గము ధ్వనివలన వచ్చినది. స్ఫటికమును నొక్కిన విద్యుత్తు పుట్టునని క్యూరీ సోదరులు 1880లో కనుగొనిరి. మొదటి ప్రపంచయుద్ధమున లాంజెవిన్ ఆ స్ఫటికముతోనే నీటిలోని జలాంతర్గాముల జాడ తీయ యత్నించెను. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డు 1958లో ఉదరములోని గడ్డలను ధ్వనితో చూచిన వృత్తాంతమును ప్రకటించెను. చికిత్సకందని పుట్టకుఱుపని తలచిన ఒక స్త్రీ గడ్డ, ఈ పరీక్షవలన నీటితిత్తి యని తేలి, తీసివేయబడినది. ఆమె బ్రదికెను.

మన చెవి సెకనునకు ఇరువదివేల కంపనములకు మించి వినజాలదు. ఈ స్కానింగునకు వాడు ధ్వని లక్షలమీది లెక్క. అది నీటిలో సుఖముగా సాగును, ప్రేగులలోని వాయువు తగిలిన వెనుదిరుగును. నిండిన మూత్రాశయము ప్రేగులను ప్రక్కకు నెట్టి దారి యిచ్చును గనుకనే నీరు త్రాగుమందురు.

పరీక్ష పిదప పొత్తికడుపు లాగుచున్నదని, "కరెంటు పట్టినది" అని మనవారిలో కొందఱనుచుందురు. ఆ ధ్వని యంత నొప్పి చేయదు, బిగబట్టుటయే చేయును. చరకుడు వేగములను ధరింపరాదని ఒక యధ్యాయమే వ్రాసి, మూత్రము నాపిన వస్తిశూల, మూత్రకృచ్ఛ్రము, తలనొప్పి కలుగునని చెప్పెను. నిండిన చోటనే పరికరముతో నొక్కుదురు, అదియొకటి! ఒక పరీక్షాలయమున నన్నును రెండు గంటలు కూర్చుండబెట్టిరి. విడిచిన పిదప సాయంకాలమునకు నెమ్మదించినది.

అయితే వృద్ధుల విషయము వేఱు. మూత్రాశయపు మెడయొద్దనుండు ప్రోస్టేటు గ్రంథి వయస్సుతో పెరుగును. అట్టివారు మితిమీఱి బిగబట్టిన, సంచి సాగి బలము తప్పి, తరువాత బొట్టైన రాకపోవచ్చును. అప్పుడు తెల్లవాఱువఱకు ఆగరాదు, వెంటనే ఆసుపత్రికి పోయి గొట్టము వేయించుకొనవలెను. రక్తము పడినను, చలిజ్వరము వచ్చినను వైద్యునికి చూపవలసినదే.

రాజోలులో బస్సెక్కుచునే సీసాల నీరు త్రాగి, అమలాపురము చేరులోగా అల్లాడువారిని చూచితిని. అచ్చట వంతు తెలిసికొని త్రాగిన చాలును. తాళలేకున్న చెప్పుడు, కొంత విడిచి రండని వారే యందురు.