కుష్ఠువ్యాధి
కుష్ఠువ్యాధి మైకోబాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవి వల్ల చర్మానికీ, నరాలకూ సోకే దీర్ఘకాలిక అంటువ్యాధి. ఈ క్రిమిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ గుర్తించాడు. చికిత్స పొందని రోగితో చాలాకాలం సన్నిహితంగా మెలిగినప్పుడు ముక్కు, నోటి తుంపరల ద్వారా సోకుతుంది. చేయి కలిపితే అంటదు. క్రిమి రెట్టింపు కావడానికే సుమారు 2 వారాలు పడుతుంది గనుక లక్షణాలు బయటపడటానికి సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు పట్టవచ్చు.

క్రిమి సోకిన వారిలో అత్యధికులకు జబ్బు రాదు. వచ్చినా దాని రూపాన్ని చాలావరకు నిర్ణయించేది దేహ రక్షణ వ్యవస్థే. ఆ వ్యవస్థలోని టి-కణాలు చురుగ్గా స్పందిస్తే, భక్షక కణాలు క్రిములను చుట్టుముట్టి కట్టడి చేస్తాయి. పాలిపోయిన, స్పర్శ లేని కొద్దిపాటి మచ్చలతో వ్యాధి ఆగుతుంది. ఆ స్పందన కొరవడితే క్రిములు భక్షక కణాల్లోనే పెరుగుతాయి. యాంటీబాడీలు ఎన్ని తయారైనా కణం లోపలి క్రిమిని చేరలేవు. రక్షణ చర్య కూడా నరాలను దెబ్బతీయగలదు: మోచేతి దగ్గరి అల్నార్ నరం తాడులా ఉబ్బి, చిటికెన, ఉంగరపు వేళ్లు వంకరపోతాయి.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ మందులను వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడతారు. ఈ రోగులకు సేవ చేసే సంస్థలూ ఉన్నాయి: తెలుగు విస్తృతంగా వినిపించే తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, పావగడ పట్టణంలో శ్రీరామకృష్ణ సేవాశ్రమం కుష్ఠు, క్షయ రోగులకు సేవలందిస్తోంది.