చెవులూ కొమ్ములూ

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు మన పెద్దవాళ్ళు. ఆవుకీ గేదెకీ అయితే సరే! జింక సంగతి వేరు. దాని కొమ్ములు ఏటా మొలుస్తాయి, ఏటా రాలిపోతాయి. చెవులే నయం, చివరిదాకా తోడుంటాయి.

అమెరికాలో మిషిగన్‌లో ఉంటున్న మా తమ్ముడు కిందటి డిసెంబరు మొదట్లో ఓ ఫోటో పంపాడు. మంచులో తెల్లతోక జింక, మగది. నెత్తిమీద ఎండుకొమ్మల్లాంటి కొమ్ములు. తీసింది వాడు కాదుట. పక్కింటి పెద్దాయన చెట్టుకి కట్టిన పెట్టెట! ఒంట్లో వేడి ఉన్న ప్రాణి ఏది ఎదురుగా కదిలినా దానంతటదే ఫోటో తీసేస్తుందిట. అక్కడ నవంబరు 15 నుంచి నెలాఖరు దాకా తుపాకుల వేట. అది గడిచాక ఎవరు మిగిలారో చెప్పేవి ఈ పెట్టెలే. “బతికే ఉన్నాడు!” అని ఆయన పొంగిపోయాడుట.

ఈ పెట్టెకి తాతగారెవరా అని వెదికాను. ఆయనా మిషిగన్ అడవుల్లోనే దొరికారు.

పేరు జార్జి షైరస్. తండ్రి అమెరికా సుప్రీం కోర్టు జడ్జి. కొడుకూ లాయరే గానీ, మనసంతా మార్క్వెట్ ఊరి దగ్గర వైట్‌ఫిష్ సరస్సుమీదే. అక్కడి ఒజిబ్వే తెగవాళ్ళకి ఓ రాత్రివేట ఉండేది. పడవ ముందు నిప్పు పెట్టుకుని చప్పుడు లేకుండా సాగుతారు. నీళ్ళకొచ్చిన జింక ఆ వెలుగుకేసి రెప్పవెయ్యకుండా చూస్తూ నిలబడిపోతుంది. పాపం, ఆ చూపే దానికి మృత్యువు. షైరస్ కూడా కుర్రతనంలో అలాగే వేటాడాడు. తర్వాత ఏం తోచిందో, తుపాకి ఉన్నచోట కెమెరా పెట్టాడు. మెగ్నీషియం పొడి భగ్గుమనిపించి చీకట్లో ఫోటోలు తీశాడు. ఆపైన దారికి అడ్డంగా దారం కట్టి, జింక తగిలితే కెమెరా పనిచేసేట్టు అమర్చాడు. అంటే తన ఫోటో తనే తీసుకుందన్నమాట!

1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫోటోలు 74 అచ్చువేసింది. పత్రిక కాస్తా బొమ్మల పుస్తకమైపోతోందని బోర్డులో ఇద్దరు రాజీనామా చేశారని చెబుతారు. కానీ అవెలాంటి రోజులనుకున్నారు? మాంసానికీ తోలుకీ వేటాడగా వేటాడగా, 1900 నాటికి ఆ దేశంలో ఈ జింకలు 5 లక్షలకి మించి మిగల్లేదని అంచనా. ఇవాళ కోట్లలో ఉన్నాయి. కాపాడింది వేటచట్టాలే. అయితే చంపకుండా కూడా అడవిని ఇంటికి తెచ్చుకోవచ్చని చూపించినవి ఆ బొమ్మలు. మన దేశంలో ఛాంపియన్ అనే అటవీ అధికారి 1920లలో ఇదే పద్ధతిన పులుల్ని ఫోటో తీశాడు. ఇప్పుడు మన నల్లమలలో పులుల్ని లెక్కపెట్టేవీ ఇలాంటి పెట్టెలే.

ఇక్కడే నా మనసు చివుక్కుమంది. తుపాకిని దింపించిన కెమెరా, మళ్ళీ తుపాకికే దారి చూపిస్తోంది కదూ! ఏ జింక ఏ వేళకి ఏ దారిన వస్తుందో ముందే చెప్పేస్తే ఇక వేటేమిటి? అది న్యాయం కాదని అరిజోనా రాష్ట్రం 2022 నుంచి వేటకి ఈ పెట్టెలు వాడకూడదంది.

“మీ పెద్దాయన వచ్చే ఏడు దాన్ని కొడతాడుట్రా?” అని తమ్ముణ్ణి అడిగాను.

“ఏమో అక్కా, పేరు కూడా పెట్టుకున్నాడు” అన్నాడు వాడు.

ఫిబ్రవరిలో ఇంకో ఫోటో వచ్చింది. మంచులో మూడు జింకలు. ఎవరికీ కొమ్ముల్లేవు. వాటిలో ఆయనగారి జింక ఏదో ఆయనే పోల్చుకోలేకపోయాడుట.

చూశారా, కొమ్ములు పట్టిస్తే చెవులు దాచాయి!