క్రొత్త యంత్రమునకు కంపైలరు

ప్రాసెసరు ఎంత వేగముగలదైనను, ప్రోగ్రామర్లు వ్రాసిన సీ భాషను దానికి తెలిసిన ఆదేశములుగా మార్చు కంపైలరు లేనినాడు అది అలంకారప్రాయమే. సర్వయంత్రములకును చాలు మధ్యభాష యొకటి కావలెనని 1958లోనే కొందరు పండితులు ‘అన్‌కోల్’ అను పేర ఊహించిరి గాని, ఆ ఊహ కాగితము దాటలేదు. ఆచరణలో దారి చూపినది బెల్ ప్రయోగశాల: అచట స్టీఫెన్ జాన్సన్ నిర్మించిన పోర్టబుల్ సీ కంపైలరు, యంత్రమునకు సంబంధించిన భాగమును తక్కినదానినుండి వేరుపరచి, పీడీపీ-11 యంత్రమును అంటిపెట్టుకొనియున్న యూనిక్సు ఆపరేటింగ్ సిస్టము ఇంటర్‌డేటా 8/32 యంత్రమును చేరుటకు తోడ్పడెను.

అయితే ఆ కంపైలరును ఎల్లరును స్వేచ్ఛగా దిద్దుకొనుటకు వీలులేకపోయెను. 1983లో స్వేచ్ఛగా దిద్దుకొనదగిన సాఫ్ట్‌వేరు వ్యవస్థకై గ్నూ సంకల్పమును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, లివర్మోర్ ప్రయోగశాలవారి పాస్టెల్ కంపైలరును చేపట్టి, దానికి సీ ముఖభాగమును తగిలించి, 68000 యంత్రమునకు మార్పనారంభించెను. కాని అది ప్రోగ్రామునంతటిని ఒక్కసారిగా చదివి, ఎచటను మెమొరీని విడువక, మెగాబైట్లకొలది స్టాకు కోరుచుండగా, నాటి 68000 యూనిక్సు అనుమతించినది 64 కిలోబైట్లే. అంతట నాతడు తాను వ్రాసిన సీ ముఖభాగమును మాత్రము దక్కించుకొని, తక్కినదెల్ల మొదటినుండి వ్రాసి, 1987లో జీసీసీ అను ఆ క్రొత్త కంపైలరును విడుదల చేసెను.

దాని ప్రాణము యంత్రవర్ణన యను దస్త్రమున నున్నదని నా యభిప్రాయము. డేవిడ్‌సన్, ఫ్రేజర్ల పరిశోధననుండి గ్రహించిన పద్ధతి ననుసరించి, ప్రోగ్రాము ముందుగా రిజిస్టర్ల నడుమ విలువల రాకపోకలుగా మారును. ఆ రాకపోకలకు సరిపడు నమూనాలను పోర్టు చేయువాడు, అనగా జీసీసీని క్రొత్త యంత్రమునకు మార్చువాడు, వ్రాసియీయవలెను. కూడికకు ‘యాడ్-ఎస్ఐ-3’ అను నమూనా యుండును: రెండు 32 బిట్ల సంఖ్యలను కూడి ఫలితమును మూడవచోట నుంచుట దాని పని. ఆ సంఖ్యలు రిజిస్టర్లయందే యుండవలెనా, మెమొరీయందున్నను చెల్లునా, చిన్న స్థిరాంకమైనను పనికివచ్చునా, తుదకు అసెంబ్లీలో ఏ పంక్తి వెలువడవలెను అనునవన్నియు అందే తేలవలెను. జీసీసీని సర్వయంత్రసాధారణమని పొగడువా రొకమాట మరతురు: 8 బిట్ల బైట్లను సంబోధించుచు, పెక్కు రిజిస్టర్లు గల 32 బిట్ల యంత్రములే స్టాల్‌మన్ గురిగా నుండెను.

క్రొత్త యంత్రమున జీసీసీని కంపైలు చేయుటకు మొదట ఏ కంపైలరును ఉండదు. కావున వేరొక యంత్రముపై క్రాస్ కంపైలరుగా నిర్మించి తెచ్చిన జీసీసీతో మొదలిడి, మరల మరల తననే కంపైలు చేయించి, రెండవ, మూడవ దశల ఫలితములను బైటుబైటుగా పోల్చుదురు. ఒక్క బైటు తేడా వచ్చినను, వర్ణనలో ఏ మూలనో పొరపాటున్నదని అనుమానింపవలసినదే.

ఇట్లు సిద్ధమైన పోర్టు జీసీసీలో చేరుటకును కాలము పట్టును: 2010లో బర్క్‌లీలో పుట్టిన రిస్క్-ఫైవ్ అను ప్రాసెసరు ఆదేశసముదాయమునకు సైతము జీసీసీ ప్రధాన ప్రతిలో చోటు లభించినది 2017లో, ఏడవ సంచికతోడనే. అందాక దాని పోర్టును వేరుగా కాపాడుకొనుచు, జీసీసీ మారినపుడెల్ల తమ మార్పులను మరల సరిచూచుకొనవలసినవారు ఆ పోర్టు రచయితలే.